పేరు తీసేసిన పేపరు

విశ్వేశ్వరరావు పొద్దున్న లేవగానే దేవుడి పటం చూడడు, భార్య ముఖమూ చూడడు. ఫోను తీసి మనస్విని సైటేషన్లు చూస్తాడు. పళ్ళు తోముకోవడం, కాఫీ, పేపరూ అన్నీ ఆ తర్వాతే. ఒక శాస్త్రవేత్త రాసిన పరిశోధనని మిగతా శాస్త్రవేత్తలు తమ పేపర్లలో ఎన్నిసార్లు ఉదహరించారో, ఆ సంఖ్యే సైటేషన్లంటే. నిన్న పడుకునే ముందు ఆమెవి ఆరువేల నూట నలభై. తెల్లారేసరికి ఆరువేల నూట నలభై ఏడు. ఆయనవి మొత్తం ఆరువందల పన్నెండు, మార్చి నెల నించీ ఆరువందల పన్నెండే. పడుకుని లేచేలోపు ఏడా! ఈ భూమ్మీద ఎవరికీ నిద్రల్లేవా, అందరూ మేలుకుని కూర్చుని ఆ పిల్ల రాసినవే చదువుతున్నారా అని ఆయనకి ఒళ్ళు మండిపోతుంది.

కడుపుమంటకి మందు లేదంటారు. ఉండుంటే ఆయనే కనిపెట్టేవాడు, కెమిస్ట్రీ ప్రొఫెసరు కదా.

పోనీ ఆ మనస్విని ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషైతే అదో దారి. ఆమె ఆయన శిష్యురాలు. విశాఖపట్నంలో పనిచేసే రోజుల్లో ఆయన చేతికింద అయిదేళ్ళు పీహెచ్‌డీ చేసింది. రాతి కల్వంలో పొడి ఎలా నూరాలో, ఫర్నేసులో ఎంత వేడికి ఎంతసేపు కాల్చాలో, గ్రాఫు చూసి పదార్థం జాతకం ఎలా చెప్పాలో అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆ తర్వాత ఆయన ఒమాన్ వచ్చి అల్ ఖౌద్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చేరాడు. ఆమె జర్మనీ వెళ్ళింది. వెళ్ళిందా, అక్కడే ఉండొచ్చుగా! ఈ ఏడు జనవరిలో అదే యూనివర్సిటీకి, అదే డిపార్ట్‌మెంటుకి, ఆయనతో సమానమైన ప్రొఫెసరుగా వచ్చి కూర్చుంది. గురువుని మించిన శిష్యురాలు అని డిపార్ట్‌మెంటులో మలయాళీలూ తమిళులూ కూడా ఎవరి భాషలో వాళ్ళు అన్నారు. గురువు అనేవాడు ఆ మాట విని మురిసిపోవాలిట. ఎవరు పెట్టారో ఆ రూలు.

ఆమె రాగానే లిఫ్టు పక్కన గోడకి నిలువెత్తు ఫోటో పెట్టారు, ప్రపంచంలో ఎక్కువ ఉదహరింపబడిన శాస్త్రవేత్తల్లో ఒకరని. అప్పటినించీ విశ్వేశ్వరరావు లిఫ్టు మానేసి మూడంతస్తులూ మెట్లెక్కుతున్నాడు. ఒకపక్క మోకాలు నెప్పి. ల్యాబ్ టెక్నీషియన్ రషీద్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి, మంచివాడే గాని నోటికి తాళం లేదు. "మేడమ్‌ది ఫోటో మస్తు పెద్దగ పెట్టిన్రు సార్. మీదెప్పుడు పెడ్తరు?" అని అడిగాడు ఓరోజు. వాడు వెటకారానికి అడగలేదు, నిజంగానే అడిగాడు. అందుకే ఇంకా మండింది.

ఆయన ఊరికే కూర్చోలేదు. ఆమె రాసిన డెబ్బైయొక్క పేపర్లూ ప్రింటు తీసి, పెన్సిలు పుచ్చుకుని ఒక్కొక్కటే చదివాడు. సొంత థీసిస్ కూడా అంత శ్రద్ధగా చదువుకుని ఉండడు. తప్పు కోసం గాలించగా గాలించగా నలభైమూడో పేపర్లో ఒక గ్రాఫుకి కింద కొలత పేరు వెయ్యడం మర్చిపోయినట్టు కనిపించింది. ఆ పూట రెండు చపాతీలు ఎక్కువ తిన్నాడు. మర్నాడు చూస్తే ఆ పత్రిక వాళ్ళే దాన్ని ఎప్పుడో దిద్దేశారు.

ఇంకో ముచ్చట. తన పేపర్లలో ఆమె పేరు ఎక్కడా రానివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాడాయన. ఇద్దరిదీ ఒకటే రంగం, ఒకటే జాతి ఆక్సైడ్లు. ఆమెని తలవకుండా రాయడమంటే గోదావరి పేరెత్తకుండా రాజమండ్రికి దారి చెప్పడమే. అయినా రెండు పేపర్లు రాశాడు. అచ్చుకి ముందు పేపరుని పరీక్షించే పెద్దలెవరో, పేరు కూడా తెలియని వాళ్ళు, రెండుసార్లూ ఒకటే మాట రాసి పంపారు. ఈ విషయంలో అతి ముఖ్యమైన పేపరుని రచయిత ప్రస్తావించలేదు, బహుశా చదివి ఉండకపోవచ్చు, చేర్చవలెను అని. చదివి ఉండకపోవచ్చుట! చేర్చకపోతే అచ్చు వెయ్యరు. అలా ఆమె సైటేషన్లలో రెండు ఆయన తన చేత్తో వేసినవే.

ఆ అతి ముఖ్యమైన పేపరు దగ్గరే ఉంది అసలు పుండు. ఆమె సైటేషన్లలో రెండువేల మూడువందలు దానివే. అది పుట్టింది విశ్వేశ్వరరావు ల్యాబులో, పన్నెండేళ్ళ కిందట. బేరియం, తగరం కలిపి కాల్చే ఆక్సైడు అది. గంటసేపు కల్వంలో నూరి, పింగాణీ గిన్నెలో పోసి, ఫర్నేసులో పన్నెండు గంటలు కాలిస్తే మల్లెపూవులా తెల్లటి పొడి రావాలి. మనస్వినికి లేతపసుపు రంగులో వచ్చింది. ఆయన ల్యాబులో ఒక కట్టుబాటు ఉండేది, రంగు మారితే పారెయ్యాలని. గిన్నె సరిగ్గా కడగని వాళ్ళకే రంగు మారుతుందని ఆయన సిద్ధాంతం. ఆ పిల్ల పారెయ్యలేదు. కొత్త గిన్నెలు తెచ్చి మూడుసార్లు చేసింది, మూడుసార్లూ పసుపే. రంగునీళ్ళలో ఆ పొడి కలిపి మేడమీద ఎండలో పెడితే సాయంత్రానికి నీళ్ళు తేటపడ్డాయి. వచ్చి చూడండి సార్ అని బతిమాలింది. ఆయన మేడెక్కలేదు.

పరిశోధనల లోకంలో ఒక ఆచారం ఉంది. శిష్యులు రాసిన ప్రతి పేపరు చివరా గురువు పేరుంటుంది, అడిగినా అడక్కపోయినా, ఒక్కోసారి గురువు చదవకపోయినా. విశ్వేశ్వరరావుకి ఆ బాపతు గురువులంటే చీదర. తన పేరున్న పేపరు కడిగిన ముత్యంలా ఉండాలి. అందుకని ఆమె రాసి పంపిన కాగితాలకి జవాబుగా నాలుగు ముక్కల మెయిలు కొట్టాడు. ఈ చెత్తలోంచి నా పేరు తీసెయ్, గిన్నె కడగడం రానివాళ్ళ పక్కన నా పేరు అచ్చవడం నాకిష్టం లేదు, వేసుకుంటే నువ్వొక్కదానివే వేసుకో అని. తీసేసింది. ఒక్కదాని పేరుతోనే వేసుకుంది. తీరా చూస్తే ఆ పసుపే దాని గొప్పతనం. స్ఫటికంలో అక్కడక్కడా ఆక్సిజన్ తగ్గడం వల్ల వచ్చిన రంగు అది, ఆ లోటు వల్లే అది ఎండలో పనిచేస్తుంది. ఇవాళ అద్దకం మిల్లుల మురికినీటి మీద పనిచేసే ప్రతివాడూ ఆ పేపరుకి దణ్ణం పెట్టే మొదలుపెడతాడు.

తన పేరు తనే కొట్టేసుకున్నాడన్న సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఆయనకీ, ఆమెకీ. ఆయన భార్య శేషుకుమారికి తెలియదు.

తెలియకపోవడం కాదు, ఆమెకి వేరే తెలుసు. ఏడెనిమిదేళ్ళ కిందట కాకినాడలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర పాత స్నేహితుడొకడు, మీ శిష్యురాలి పేపరు మోగిపోతోందిటగా, దాని మీద మీ పేరు లేదేమండీ అని నలుగుర్లో అడిగేశాడు. విశ్వేశ్వరరావు ఒక నిట్టూర్పు విడిచి, ఏరు దాటాక తెప్ప తగలేసే కాలం కదండీ అన్నాడు. అబద్ధం ఆడలేదు చూడండి. సామెత చెప్పాడంతే. పక్క కుర్చీలో ఉన్న శేషుకుమారికి ఆ సామెత గుండెల్లో దిగిపోయింది. హాస్టలు తిండి తినలేకపోతోందని అయిదేళ్ళపాటు ఆ పిల్లకి రోజూ మధ్యాహ్నం క్యారేజీ కట్టి పంపిన మనిషి ఆమె. ఇంటికొచ్చాక ఆయన నిజం చెబుదామనుకున్నాడు. రేపనుకున్నాడు. ఆ రేపు రాలేదు. భార్య ఆ పిల్లని తిట్టినప్పుడల్లా తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. కొన్నాళ్ళకి ఆ తిట్లు చెవికి ఇంపుగా కూడా అనిపించాయి.

మే నెలాఖరులో కాంట్రాక్టు కాగితం వచ్చింది. కొత్త రూలుట. ఒక్క పేపరుకైనా నూరు సైటేషన్లుంటేనే కాంట్రాక్టు పొడిగిస్తారు, లేకపోతే ఆగస్టుతో సరి. విశ్వేశ్వరరావు పేపర్లలో అన్నిటికన్నా పెద్దదానికి ఎనభై ఎనిమిది. పన్నెండు తక్కువ! మనస్వినికి రెండు రాత్రుల పంట అది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో కొత్తగా పిలిచి ల్యాబు అప్పగించేవాడెవడూ లేడు. మొదలుపెట్టిన పని ఇంకో రెండేళ్ళకి గాని తేలదు. ఇప్పుడు వదిలేసి పోతే ముప్ఫయ్యేళ్ళ చాకిరీ చివర ఆయన పేరు ఎక్కడా మిగలదు. కాగితం చదివి శేషుకుమారి కళ్ళు తుడుచుకుంది. ఆ ఒక్క పేపరు మీద మీ పేరుండి ఉంటే ఇవాళ ఎవడి ముందూ ఇలా నిలబడే పని ఉండేది కాదు, ఆ పిల్ల మీ ఉసురు పోసుకుంది అంది. ఆయన ఏసీ చల్లదనం పెంచి ఇంకో గదిలోకి పోయాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటేమిటంటే, డీన్ ఆయన ఫైలు మీద అభిప్రాయం రాయమని పంపింది మనస్వినికే. ఆ రంగంలో పెద్దవాళ్ళు ఇంకెవరూ లేరుట.

బుధవారం నాడు ఆమె ఫోను చేసింది. ఆర్నెల్లుగా కారిడార్లో ఎదురైతే ఆయన తలాడించి తప్పుకుంటున్నాడు, ఆమే ఫోను చేసింది. శుక్రవారం ఇంటికి వస్తాను సార్, మీ సంతకం ఒకటి కావాలి, మీ కాంట్రాక్టు గురించే అంది. ఆయనకి వద్దనడానికి నోరు రాలేదు, రమ్మనడానికీ రాలేదు. ఊఁ అన్నాడు.

శేషుకుమారి ముందు గడప తొక్కనివ్వనంది. గురువారం సాయంత్రానికి దగ్గర్లోని బర్కా ఊరి తోటల గోంగూర రెండు కట్టలు తెప్పించింది. భోజనాల వేళకొచ్చే మనిషికి అన్నం పెట్టకుండా పంపడం మా వంశంలో లేదు, తెప్పలు తగలెయ్యడం కూడా లేదు అంది. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, గుత్తివంకాయ, మజ్జిగపులుసు. ముహూర్తం పెట్టుకుని పగవాళ్ళకి వండినట్టు, గిన్నెలు ఠంగుఠంగున చప్పుడు చేస్తూ వండింది.

మనస్విని ఒంటిగంటకి వచ్చింది. నలభై దగ్గర పడుతున్న మనిషి, జుట్టులో అక్కడక్కడా తెలుపు. చేతిలో బర్కా హల్వా డబ్బా. వంగి శేషుకుమారి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. భోజనాల దగ్గర వడ్డన ఆగలేదు, మాట మాత్రం లేదు. మనస్విని గోంగూర మూడుసార్లు వేయించుకుంది. పన్నెండేళ్ళయింది అమ్మగారూ ఈ చేతివంట తిని అంటే, శేషుకుమారి ఇంకో గరిటె నెయ్యి వేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. విశ్వేశ్వరరావు కంచంలోంచి తలెత్తలేదు. తినే తీరులో కూడా ఆ పిల్లకి ఒక నిశ్చింత ఉంది, దాని మీద కూడా ఆయనకి కుళ్ళు పుట్టింది.

చేతులు కడుక్కుని వచ్చాక మనస్విని సంచీలోంచి రెండు కాగితాలు తీసి, పైకి చదివి బల్ల మీద పెట్టింది. ఆ పాత పేపరుని అచ్చు వేసిన పత్రిక వాళ్ళకి రాసిన ఉత్తరం అది. పని జరిగిన నాడే రచయితగా ఉండవలసిన డాక్టర్ విశ్వేశ్వరరావు గారి పేరుని నా పొరపాటు వల్ల వదిలేశాను, సవరణ వెయ్యండి అని రాసి కింద సంతకం చేసింది. ఆయన కూడా సంతకం పెడితే నెలలోపు సవరణ అచ్చవుతుంది, ఆ పేపరు ఆయన జాబితాలోకీ వస్తుంది, రెండువేల మూడువందల సైటేషన్లతో సహా. డీన్‌తో మాట్లాడింది కూడా. సవరణ దారిలో ఉందని పత్రిక ఒప్పుకుంటే చాలన్నాడుట.

"మీరు ఏ మెయిలు గురించి ఆలోచిస్తున్నారో నాకు తెలుసు సార్," అంది గొంతు తగ్గించి. "అది ఎవరూ చూడరు. నేనూ ఆరోజు ఏడ్చానుగాని, పేపరుకి పేరొచ్చాక ఒక్కదాన్నే ఉండటం మంచిదే అయిందనుకున్నాను. అందుకని ఇది రాయడానికి నాకేం కష్టంగా లేదు."

విశ్వేశ్వరరావు పెన్ను తీశాడు. తియ్యకేం చేస్తాడు? పన్నెండు తక్కువని నెల్లాళ్ళుగా నిద్ర లేదు, ఇప్పుడు రెండువేల మూడువందలు నడిచొచ్చి బల్ల మీద కూర్చున్నాయి. పెన్ను మూత తీసి, సంతకం ఎక్కడ పెట్టాలో చూసుకున్నాడు. ముందు ఆమె పేరు, దాని వెనక ఆయన పేరు.

శేషుకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మెయిలు మాట ఆమెకి వినపడలేదు. ఉత్తరం చదివిందంతా వినపడింది. కొంగు దోపుకుంటూ వచ్చి మనస్విని ముందు నిలబడింది.

"ఇన్నాళ్ళకి ఒప్పుకున్నావన్నమాట. అయిదేళ్ళు నీకు క్యారేజీ కట్టాను నేను. ఆయన పేరు తీసెయ్యడానికి నీకు చెయ్యి ఎలా వచ్చిందమ్మా?"

మనస్విని ఒకసారి విశ్వేశ్వరరావు వైపు చూసింది. చూసి తల దించుకుంది.

"తప్పే అమ్మగారూ. చిన్నతనం. క్షమించండి," అంది.

ఇక్కడ మనం ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఆయన ఇప్పుడు చెయ్యబోయే పని తెలిశాక డిపార్ట్‌మెంటులో అందరూ విశ్వేశ్వరరావు నిజాయితీ నిజాయితీ అని చెప్పుకున్నారు. రషీద్ అయితే సార్ ఫరిష్తా, దేవదూత అన్నాడు. నిజాయితీ లేదు, వంకాయా లేదు. అది అచ్చమైన కుళ్ళు. దించుకున్న ఆ తలని చూసేసరికి ఆయనకి అరికాలిమంట నెత్తికెక్కింది. పేపర్లలో ఆమే పైన, సైటేషన్లలో ఆమే పైన, లిఫ్టు పక్కన ఆమే పైన. ఇప్పుడు తన ఇంట్లో, తన భార్య ముందు, చెయ్యని తప్పు నెత్తినేసుకుని మంచితనంలో కూడా ఆమే పైన! ఈ సంతకం పెడితే ఇంక బతికినన్నాళ్ళూ ఆమె పడేసిన దాన్ని తిన్నట్టే. ఆయన పెన్ను మూత పెట్టేశాడు. కాగితాలు ఆమె వైపు తోసేశాడు.

"నీకు అన్నీ ఉన్నాయిగదమ్మా. ఈ తప్పు కూడా నీకే కావాలా?" అన్నాడు. "ఇది నాది. నేను చేసింది. దీన్నొక్కదాన్నైనా నాకు వదిలెయ్."

మనస్విని వద్దు సార్ అంటోంది. ఆయన ఆగలేదు. ఫోను తీసి పన్నెండేళ్ళ నాటి మెయిలు వెతికి, భార్యకి ఒక్కో ముక్కా చదివి తెలుగులో చెప్పాడు. చెత్త అన్నమాట, గిన్నె కడగడం రాదన్నమాట, నువ్వొక్కదానివే వేసుకో అన్నమాట. మేడమీదికి రమ్మంటే వెళ్ళలేదని చెప్పాడు. కాకినాడ పెళ్ళిలో సామెత చెప్పి ఊరుకున్నాననీ, ఎందుకు ఊరుకున్నానంటే తప్పు చేసిన మొగుడికన్నా మోసపోయిన మొగుడు నీకు నచ్చాడనిపించిందనీ చెప్పాడు. చెబుతుంటే ఆయనకి లోపల ఎక్కడో గెలిచినట్టే ఉంది. ఈ ఒక్క విషయంలో ఆ పిల్ల తన ముందుకి రాలేదు.

ఇక ఆగస్టులో పెట్టె సర్దుకోవడమేనని ముగ్గురికీ తెలుసు. మనస్విని ఉత్తరం మడిచి సంచీలో పెట్టుకుంది. ఆయన భార్య తిడుతుందని చూస్తున్నాడు. ఏడుస్తుందనైనా చూస్తున్నాడు. రెండూ తట్టుకోగలననే ధీమాతో ఉన్నాడు.

శేషుకుమారి కుర్చీ లాక్కుని మనస్విని పక్కన కూర్చుంది. కాసేపు ఆ పిల్ల చేతినే చూసింది. తర్వాత తలెత్తింది.

"వాళ్ళమ్మ పోయిన రోజు ఈ పిల్ల నాకు ఫోను చేసింది. మూడుసార్లు చేసింది. నేను ఎత్తలేదు," అంది భర్తతో. "మీరు పక్కనే ఉన్నారు."

మనస్విని అవన్నీ ఇప్పుడెందుకమ్మగారూ అంటూ ఆమె చెయ్యి పట్టుకుంది. విశ్వేశ్వరరావు ఉన్నాడు, ఆరోజు సోఫాలో పక్కనే ఉన్నాడు. ఫోను మీద ఆ పేరు వెలగడం చూశాడు. వాళ్ళమ్మ పోయిందని మర్నాటికి గాని ఎవరూ చెప్పలేదు, కాని మూడోసారి మోగినప్పుడు శేషుకుమారి ఎత్తడానికి చెయ్యి చాపింది. ఇప్పుడెందుకు గుర్తొచ్చామో, వదిలెయ్ శేషూ అని ఫోను బోర్లించింది ఆయనే.